పలికేదాకా బిగించాను

సెప్టెంబరు 9

ఇవాళ పెద్ద బ్యాండ్ రంపం చక్రాల మీద కొత్త పళ్ల పట్టీ ఎక్కించాను. రేపటి నుంచి ఎండిన ఓక్ కర్ర కొయ్యాలి. అందుకని పెద్ద పళ్లది తీశాను, అంగుళానికి మూడు పళ్లు. మా వడ్రంగి షాపులో ఇంకెవరైనా అయితే సన్నపళ్ల పట్టీ ఎక్కించి నున్నగా కోస్తుందిలే అనుకుంటారు. గట్టి కర్రకి సన్నపళ్లు పెడితే పొట్టు బయటికి పోయే దారి ఉండదు. పళ్ల సందుల్లోనే ఇరుక్కుని వేడెక్కి, కర్రని మాడ్చి నల్లగా చేస్తుంది. రాజమండ్రిలో మా మావయ్య సామిల్లులో నిక్కర్లు వేసుకునే వయసులోనే తెలిసిన సంగతి ఇది.

ఎక్కించాక బిగించాలి. ఎంత బిగించాలో చెప్పడానికి మిషను పక్కన ఒక ముల్లు ఉంది. నేను దాని మొహం చూడను. పట్టీని వేలితో మీటి వింటాను. వదులుగా ఉంటే దబ్బుమంటుంది, సరిగ్గా బిగిస్తే ఖంగుమని పలుకుతుంది. ఇవాళ్టి పట్టీ ఎంతకీ పలకలేదు, మొండిఘటం. చక్రం ఇంకాస్త, ఇంకాస్త తిప్పితే చివరికి పలికింది. ముల్లు చూద్దును కదా, ఎర్రగీత దాటి కూర్చుంది. ముసలిదైపోయింది పాపం, మా ఓనరు హెర్ ఫోస్‌కి చెప్పి మార్పించాలి.

ఇంట్లో నేను మాట్లాడటం తగ్గించేశానంటోంది మా ఆవిడ ఛాయ. తనేమో గొణుగుతుంది. ఏమన్నావు అంటే "ఏం లేదులెండి" అంటుంది. మాట్లాడితే ఒక తప్పు, మానేస్తే ఇంకో తప్పు. అందుకే ఈ నోట్‌బుక్కు. దీనికి నేను చెప్పడమే తప్ప ఇది తిరిగి నాకు చెప్పేదేమీ ఉండదు.

సెప్టెంబరు 12

మా అమ్మాయి కావ్యకి కొత్త అలవాటొకటి వచ్చింది. ఏదైనా చెప్పాలంటే ముందు నా చొక్కా పట్టుకుని లాగుతుంది. ఇక్కడ జర్మనీ స్కూల్లో ఒకటో తరగతిలో చేరి నిండా నెల కాలేదు, అప్పుడే ఇవన్నీ. పిలవచ్చు కదమ్మా అన్నాను. జర్మన్‌లో ఏదో అంది. ఆ భాష అది మాట్లాడితే సగం ముక్కలు ఎగిరిపోతాయి. ఛాయ లోపల గిన్నె కడుగుతూ ఆగిపోయి నా వైపు చూసింది.

సెప్టెంబరు 16

కరీం భాయ్‌తో ఇవాళ చెవి డిప్పల గొడవ.

అబ్దుల్ కరీంది హైదరాబాద్, మలక్‌పేట. నాకంటే చాలా పెద్దవాడు, ఈ షాపుకి నాకంటే ముందు వచ్చాడు. నేను రంపం ఇవతల నిలబడి బల్లని తోస్తే, ఆయన అవతల నిలబడి కోసిన పలకని పట్టుకుంటాడు. మాగ్డెబర్గ్‌లో నేను మాస్టర్స్ చేసి ఇంజనీరు ఉద్యోగం దొరక్క తిరుగుతున్నప్పుడు నన్ను హెర్ ఫోస్ దగ్గరికి తీసుకొచ్చింది ఆయనే. "మనోడు, కర్ర తెల్సినోడు" అని చెప్పాడట.

రంపం నడుస్తున్నంతసేపూ చెవులకి మోత ఆపే డిప్పలు పెట్టుకోవాలని ఇక్కడ రూలు. కరీం భాయ్ పెట్టుకుంటాడు. నేను మెడలో వేలాడేసుకుంటాను. హెర్ ఫోస్ చూసీ చూడనట్టు పోతాడు, ఎందుకంటే నేను సెట్ చేసిన రంపం కోసినంత తిన్నగా ఇంకెవరు సెట్ చేసినా కొయ్యదు, ఆ సంగతి ఆయనకి తెలుసు.

"జర పెట్టుకో వీరా, ఉమరంతా పని జేసేటోనివి" అన్నాడు కరీం భాయ్.

"చెవి మూసుకున్నవాడు రంపం ముట్టుకోకూడదు భాయ్" అన్నాను.

ఇది మావయ్య మాట. మా సామిల్లులో ఎవడైనా చెవిలో దూది పెట్టుకుంటే "ఏరా, పెళ్లికూతురువా?" అని అందరి ముందూ పరువు తీసేవాడు. రంపం పాడుతుంది, తేడా వస్తే గొంతు మారుస్తుంది, ఆ మారడం వినేవాడే కోతగాడు అనేవాడు. అక్కడ అందరివీ పెద్ద గొంతులు. మా వాళ్లు పెళ్లిలో మాట్లాడుకుంటుంటే పోట్లాట అనుకుని జనం పోగయ్యేవాళ్లు. సామిల్లోళ్ల గొంతు అంటే ఊళ్లో ఒక పేరు.

సెప్టెంబరు 24

కొత్త పట్టీ అప్పుడే చెడిపోయింది. పళ్ల మొదట్లో సన్నటి చీలికలు. కిందటిదీ ఇంతే, అంతకుముందుదీ ఇంతే. ఉక్కు నాణ్యత పడిపోయిందని హెర్ ఫోస్‌కి చెప్పాను. ఆయన మీసం వెనకనుంచి ఏదో అన్నాడు. ఆ మీసం ఉన్న మనిషితో మాట్లాడటమే ఒక శిక్ష, పెదవులు కనబడి చావవు.

ఇంకో పట్టీ ఎక్కించాను. ఇదీ త్వరగా పలకలేదు. పలికేదాకా బిగించాను.

సెప్టెంబరు 27

ఛాయ నాకు చెప్పకుండా చెవి డాక్టరు దగ్గర టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, తీసుకుంది.

"ఎవరికి?" అన్నాను.

"మీకే. టీవీ అంత గట్టిగా పెడితే కింది ఇంటావిడ కర్రతో సీలింగు కొడుతోందండీ. మీకు అదీ వినబడటంలేదు."

"నా చెవులకేం రోగం? వేలితో మీటి పట్టీ బిగువు చెప్పేవాణ్ణి నేను."

"పట్టీ మాట నాకు తెలీదు. పిల్ల పిలిస్తే పలకరు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా సంసారం. అరిచీ అరిచీ నా గొంతు పోతోంది."

అరుస్తోందట! నాకైతే గొణుగుతున్నట్టే ఉంది. కోపం వచ్చి గట్టిగానే తిట్టాను. కావ్య గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. తర్వాత నాకే ఏదోలా అనిపించింది. కానీ టెర్మిన్ దొరకడమే గగనమైన ఈ దేశంలో దొరికినదాన్ని వదులుకోకూడదని ఛాయ పట్టు పట్టింది. సరే వెళ్తాను అన్నాను, ఆవిడ నోరు మూయించడానికి.

అక్టోబరు 4

మధ్యాహ్నం కోత మధ్యలో కరీం భాయ్ చెయ్యి ఊపాడు. ఆపాను.

"పట్టీ టిక్ టిక్ అంటుంది వీరా."

"ఏం లేదు భాయ్."

"అరే, ఉంది. చుట్టు తిరిగినప్పుడల్లా ఒకసారి కొడ్తుంది. డిప్పల్లకెల్లి నాకే ఇనొస్తుంది. ఆపి చూడు జర."

పట్టీలో చీలిక పడితే అంతే. అది పట్టీని తిన్నగా పట్టి ఉంచే గైడు దాటినప్పుడల్లా టిక్ మంటుంది. ఇది నాకు ఒకరు చెప్పాలా? ఆయన తృప్తి కోసం కరెంటు తీసేసి, పట్టీని చేత్తో తిప్పుతూ చూశాను. అతుకు పక్కన, పంటి మొదట్లో, గోరంత చీలిక.

"పొట్టు అడ్డం పడి అలా కనబడుతోంది" అన్నాను. అని గుడ్డతో తుడిచాను. తుడిచినా ఉంది.

కరీం భాయ్ డిప్పలు తీసేశాడు. నా మొహంలోకి చూస్తూ, చిన్నపిల్లలకి చెప్పినట్టు ఒక్కో మాటా విడగొట్టి అన్నాడు. "నీకు ఇనపడ్తలేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. మీరు నాకు రంపం నేర్పుతారా అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను, అవి ఇక్కడ రాయను. ఆయన కొత్త పట్టీ తెచ్చి నా చేతిలో పెట్టి టీ తాగడానికి వెళ్లిపోయాడు.

అక్టోబరు 5

నాకు వినబడుతోంది.

అక్టోబరు 7

కరీం భాయ్ పొద్దున్నే నా సైకిలు దగ్గర నిలబడి ఉన్నాడు. హెర్ ఫోస్‌కి చెప్పేస్తాడేమోనని శని ఆదివారాలు నాకు నిద్ర లేదు. చెబితే రంపం నా చేతిలోంచి పోతుంది. రంపం పోతే ఈ షాపులో నేనెందుకు? నేను లేకపోతే ఈ దేశంలో ఉండే కాగితం ఎందుకు? ఛాయ జర్మన్ కోర్సు ఇంకా సగంలో ఉంది. పిల్లకి ఇప్పుడిప్పుడే స్నేహితులు దొరికారు.

"సేఠ్‌కు చెప్పను" అన్నాడు. "బయటోళ్ల ముందర మనోని ఇజ్జత్ తీస్తనా? కానీ ఒకటి. నేను ఇంటా. ఏమన్న తేడా అనిపిస్తే చెయ్యి లేపుతా. నువ్వు నా చెయ్యి చూస్తుండాలె."

"అంత అవసరం లేదు భాయ్."

"నాకుంది అవసరం. మంచిగ డాక్టర్‌కు చూపించుకునేదాంక ఇట్లనే."

ఇవాళ్టి నుంచి ఆయన ఎడమ చెవి మీది డిప్ప పక్కకి జరిపి పెట్టుకుంటున్నాడు. ఆయన తృప్తి ఆయనది. నాకు పోయేదేముంది.

అక్టోబరు 12

దసరా. మావయ్యకి ఫోన్ చేశాను. సామిల్లులో రంపానికి బొట్లు పెట్టి దండ వేశారట, అత్తయ్య చెప్పింది. ఫోన్ మావయ్యకి ఇచ్చింది.

"మావయ్యా, పట్టీలు ఎంతకీ పలకడంలేదు. నువ్వెంత బిగించేవాడివి?" అని అడిగాను.

"ఆఁ, తిన్నాను, తిన్నాను! గారెలు!" అన్నాడు.

ఛాయ ఫోన్ స్పీకరులో పెట్టించింది నాకోసం. ఆవిడ నవ్వలేదు. నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. నేను మాత్రం నవ్వాను. మావయ్యకి వయసైపోయింది.

అక్టోబరు 18

చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాను. పర్మిషన్ పెట్టుకుని, మంచి చొక్కా వేసుకుని, ట్రామ్‌లో వెళ్లాను. వెయిటింగ్ రూములో కూర్చున్నాను. నా తర్వాత వచ్చినవాళ్లందరూ లోపలికి వెళ్లి వచ్చారు. కూర్చుని కూర్చుని విసుగొచ్చి కౌంటరు దగ్గర అడిగాను. నన్ను రెండుసార్లు పిలిచారట! గది గుమ్మంలో నిలబడి పేరు పెట్టి పిలిచారట! నేను పలకలేదని ఇంకొకరిని పంపేశారట.

వీరాంజనేయులు అన్న పేరు వీళ్ల నోట్లో ఎన్ని వంకర్లు తిరుగుతుందో ఎవరికి తెలుసు. పిలిచుంటే వినబడేది. పిలవలేదు. కాసేపు కూర్చోండి, మధ్యలో పంపిస్తాం అంది ఆ పిల్ల. నాకు పనుంది అని వచ్చేశాను.

డాక్టరు చూశాడు, బాగానే ఉందన్నాడు అని ఛాయతో చెప్పాను. కరీం భాయ్‌కి కూడా అదే చెప్పాను. "అల్హమ్దులిల్లా" అన్నాడు. అయినా డిప్ప మాత్రం పక్కకే పెట్టుకుంటున్నాడు.

అక్టోబరు 30

పని బాగా సాగుతోంది. హోటల్ ఒకదానికి ఓక్ టేబుళ్లు. బల్లలు వెడల్పుగా, మా ఇంటి తలుపంత ఉన్నాయి. వాటిని నిలువుగా చీల్చి పుస్తకం తెరిచినట్టు పక్కపక్కన అతికించాలి, చారలు అద్దంలో చూసినట్టు కలవాలి. ఇలాంటి కోతకి పట్టీ వణకకూడదు. అందుకని ఇంకాస్త ఎక్కువే బిగిస్తున్నాను.

కరీం భాయ్ ఒక్కసారి కూడా చెయ్యి లేపలేదు. అంటే అంతా సవ్యంగా ఉన్నట్టే.

నవంబరు 3

కరీం భాయ్ ఇంట్లో భోజనం. ఆదివారాలు అక్కడ క్యారమ్స్ ఆడతాం. స్ట్రైకర్ ఆయన వేలి మీద నుంచి వెళ్తే కాయకి వేరే గతి లేదు, గుంటలో పడాల్సిందే. రుబీనా భాభీ వడ్డిస్తూ నన్నేదో అడిగింది. నేను "చాలా బాగుంది భాభీ" అన్నాను. అందరూ ఒక్క క్షణం ఆగి, మళ్లీ తినడం మొదలెట్టారు. దారిలో ఛాయ చెప్పింది, భాభీ అడిగింది మా అత్తగారి ఆపరేషన్ గురించట.

నవంబరు 6

పట్టీ తెగింది. కరీం భాయ్ చెయ్యి.

ఆయన అరవలేదు. అరిస్తే ఆపేవాణ్ణి.

నవంబరు 7

జరిగింది జరిగినట్టు రాయాలి.

ఆఖరి బల్ల. అన్నిటికంటే వెడల్పుది. దాన్ని చీల్చాలంటే పట్టీకి అడ్డం ఉండే కవచం పూర్తిగా పైకి లేపాలి, లేపాను. పట్టీ నిలువెత్తున బయటికి కనబడుతోంది. నేను ఇవతల తోస్తున్నాను. నా కళ్లు గీత మీద ఉన్నాయి. గీత మీద కాక ఇంకెక్కడ ఉంటాయి? కరీం భాయ్ అవతల కోసిన రెండు పలకల్నీ రెండు చేతులతో మోస్తున్నాడు. అంత బరువు మోస్తూ ఎవరూ చెయ్యి లేపలేరు, అది నాకూ తెలుసు. చెయ్యి ఖాళీ లేనప్పుడు నోరుంది కదా. అరవాలి కదా. తేడా వస్తే చెప్పడమేగా ఒప్పందం. అరవలేదు.

బల్ల ఒక్కసారిగా అవతల బరువై కిందికి వంగింది. కరీం భాయ్ వదిలేసినట్టున్నాడు. తలెత్తి చూసేసరికి ఆయన తన చోట లేడు. నా పక్కన ఉన్నాడు. రంపం ఆపే ఎర్ర మీట నా వైపే ఉంది, దానికోసం చెయ్యి చాచి ఉన్నాడు. పట్టీ అప్పుడే తెగింది. పాములా బయటికి ఎగిరి ఆయన కుడి చేతికి చుట్టుకుంది.

ఆయన నోరు తెరిచి ఉంది. నొప్పికి అరుస్తున్నాడు అనుకున్నాను.

ఎందుకు వచ్చాడు నా వైపు? తన చోటులో ఉంటే ఏమీ అయ్యేది కాదు. ఎందుకొచ్చాడు?

నవంబరు 9

హాస్పిటల్‌కి వెళ్లాను. మణికట్టు దగ్గర నరాలు తెగాయి. కుట్టారు. మూడు వేళ్లకి స్పర్శ లేదు, వస్తుందో రాదో చెప్పలేమన్నారట. మోచేతి దాకా కట్టు. మొహం చిన్నదైపోయింది.

నేను అడిగేశాను. అడగాలని వెళ్లలేదు, నోట్లోంచి వచ్చేసింది. "అరవలేదెందుకు భాయ్?"

ఆయన నా వైపు మొహం తిప్పుకున్నాడు. పెదవులు నెమ్మదిగా కదిలించి అన్నాడు. "పిల్వలే. నాకూ ఇనరాలె టిక్ టిక్. ఒక్కసారిగా తెగింది. నీదేం లేదు వీరా."

మనసు తేలికపడింది. దేవుడి దయ. నాది తప్పు కాదు, ఆయనకీ వినబడలేదు. బయటికి వచ్చి చలిలో నిలబడి ఏడ్చాను. ఎందుకేడ్చానో నాకే తెలియదు.

నవంబరు 10

పిలవలేదని తనే అన్నాడు.

నవంబరు 13

హెర్ ఫోస్ ఆఫీసుకి పిలిచాడు. తలుపు వేశాడు. మంగళవారం ఇన్స్యూరెన్సు వాళ్లు ఇద్దరు వచ్చి విచారిస్తారట. కరీం తన చోటు వదిలి, నడుస్తున్న రంపం దగ్గరికి చెయ్యి చాచాడు, అది రూలుకి విరుద్ధం, జరిగింది అదే కదా అన్నాడు. నాకు అర్థం కావాలని మాట మాటా ఒత్తి పలికాడు. నీ చెవులకి డిప్పలు ఉన్నాయి, పట్టీ శబ్దమేమీ చెయ్యలేదు, కరీం నిన్ను పిలవలేదు, అతనే ఒప్పుకున్నాడు అన్నాడు. తర్వాత, రంపం ఎప్పటికీ నీదే అన్నాడు.

"అలా రాస్తే కరీం భాయ్ సంగతి?" అన్నాను.

ఆయన భుజాలు ఎగరేశాడు. తన నిర్లక్ష్యంతో దెబ్బ తగిలించుకున్నవాణ్ణి మళ్లీ షాపులోకి ఎలా తీసుకుంటాను అన్నాడు. ఈ మాట మాత్రం మీసం వెనకే అన్నాడు. అయినా అందింది.

కరీం భాయ్ స్వయంగా పిలవలేదన్నాక నేనేం చెయ్యగలను?

నవంబరు 15

తినే పళ్లు కొనుక్కుని హాస్పిటల్‌కి వెళ్లాను. కరీం భాయ్ నిద్రపోతున్నాడు. రుబీనా భాభీ నన్ను వరండాలోకి తీసుకెళ్లింది. వెలుతురు తన మొహం మీద పడేలా కిటికీ ఎదురుగా నిలబడింది. ఆవిడకి అలా నిలబడాలని ఎవరు చెప్పారో.

"భాయ్ సాబ్, ఒకటి అడుగుతా. మీకు కోపం రావద్దు."

"అడగండి భాభీ."

"ఆయన మిమ్మల్ని పిల్వలేదని అంటున్నరు. షాపోళ్లకు గూడ అదే చెప్పిన్రు. మరి ఆయన గొంతెట్ల పోయింది?"

"గొంతా?"

"మీకు తెల్వదా?" అని ఆగింది. తెలియదని నా మొహంలో కనబడింది కాబోలు. "ఆ రోజుకెల్లి గొంతు లేదు భాయ్ సాబ్. గాలే వస్తుంది. డాక్టర్‌ను అడిగితే, మస్తు గట్టిగ అరిసినట్టున్నడు అన్నడు. చెయ్యి తెగినాంక కాదట. అప్పటికే ఆయనకు సోయి లేదు."

నేను ఆ రోజు మంచం పక్కన కూర్చుని పావుగంట మాట్లాడాను ఆయనతో. గొంతు లేని మనిషితో మాట్లాడాను. నాకు తెలియలేదు.

భాభీ ఇంకా చెప్పింది. పెయింటు గదిలో పనిచేసే పోలండ్ ఆయన నిన్న చూడటానికి వచ్చాడట. రెండు తలుపుల అవతలికి వినబడిందట, వీరా, వీరా, వీరా అని. వినబడి బయటికి పరిగెత్తాడట. హెర్ ఫోస్ ఆ సంగతి ఎక్కడా అనొద్దన్నాడట.

పళ్ల సంచీ నా చేతిలోనే ఉండిపోయింది. ట్రామ్‌లో చూసుకున్నాను.

నవంబరు 16

ఎందుకొచ్చాడు నా వైపు అని రాశాను పైన. పిలిచి పిలిచి, నేను తిరక్కపోతే వచ్చాడు.

ఛీ, నా బతుకు.

నవంబరు 17

ఆదివారం. క్యారమ్స్ లేవు.

ఛాయకి అంతా చెప్పాను. చెవి డాక్టరు దగ్గర ఏమైందో కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. "మీరు అబద్ధం చెబుతున్నారని ఆ రోజే తెలుసండీ. నిజమైతే మీరు కాగితం తెచ్చి నా మొహాన కొట్టేవారు" అంది. కళ్లు తుడుచుకుని అన్నం పెట్టింది.

నిజం చెబితే రంపం పోతుంది, ఇక్కడ మన కాగితాలు ఏమవుతాయో తెలియదు అన్నాను. హెర్ ఫోస్ కూడా చిక్కుల్లో పడతాడు, నన్ను ఒక్కరోజు కూడా ఉంచడు అన్నాను. ఛాయ కంచం వైపు చూస్తూ ఏదో అంది. నాకు అందలేదు. ఏమన్నావు అని నేను అడిగేలోపు కావ్య కుర్చీ దిగి వచ్చింది. నా గడ్డం పట్టుకుని వాళ్లమ్మ వైపు నా మొహం తిప్పింది. గోడకి వేలాడే పటం సరిచేసినట్టు తిప్పింది. ఎన్ని నెలల నుంచి చేస్తోందో ఈ పని, చెయ్యి అలవాటుగా వచ్చింది. నేనేమో పిల్లకి మర్యాద తెలియడం లేదనుకున్నాను.

ఛాయ మళ్లీ అంది. "ఆ చేతికి అన్నం ఎవరు పెడతారండీ, అన్నాను."

నవంబరు 18

షాపుకి వెళ్లాను. తెగిన పట్టీ మూల పడి ఉంది. విచారణ అయ్యేదాకా ముట్టుకోవద్దని కాగితం అంటించారు. ముట్టుకోలేదు. వంగి చూశాను. ఒక్క చీలిక కాదు, పంటి పంటికీ ఉంది. ఉక్కు తప్పు కాదు. ఎర్రగీత దాటి బిగించిన పట్టీ అలాగే చస్తుంది. ముల్లు ముసలిది కాదు, నిజమే చెప్పింది పాపం. నా చెవికి ఖంగుమనేదాకా బిగించుకుంటూ పోయాను, ఆ ఖంగు నాకు వినబడటం ఎప్పుడో మానేసింది.

మావయ్య గుర్తొచ్చాడు. దుంగలు మోసే అప్పన్న, రంపానికి పళ్లు పెట్టే సూరిబాబు, అందరూ గుర్తొచ్చారు. సామిల్లోళ్ల గొంతు అని గర్వపడ్డాం. ఒకడి మాట ఒకడికి వినబడక అరుచుకున్నాం అంతే. చెవి మూసుకోనివాడే మొనగాడు అనుకుంటూ అందరం కలిసి చెవిటివాళ్లమయ్యాం.

రేపు పదింటికి.

నవంబరు 19

హెర్ ఫోస్ ఆఫీసులో ఇద్దరు కూర్చున్నారు. ఒక పెద్దాయన, ఒకావిడ. ఆవిడే అడిగింది. పెదవులు చక్కగా కదుపుతూ, నా కళ్లలోకి చూస్తూ అడిగింది. ఒక్క మాట కూడా జారిపోలేదు నాకు. పేరు, ఎన్నాళ్ల నుంచి పని, పట్టీ ఎవరు ఎంచారు, ఎవరు బిగించారు. అన్నిటికీ టకటకా చెప్పాను. ఎంత తేలికో అనిపించింది. ఎదురుగా మొహం ఉంటే చాలు, నేను మామూలు మనిషినే. ఇలాగే ఇంకో పదేళ్లు దాటేయవచ్చు. హెర్ ఫోస్ కూడా కాస్త వెనక్కి వాలి కూర్చున్నాడు.

తెగేముందు పట్టీ ఏమైనా శబ్దం చేసిందా అని అడిగింది.

"నేను వినలేదు" అన్నాను. అది నిజమే.

మీ సహోద్యోగి మిమ్మల్ని పిలిచాడా అని అడిగింది.

నేను వినలేదు అంటే అదీ నిజమే. కరీం భాయ్ అన్నదీ అదే. ఆ ఒక్క ముక్క అంటే చాలు, అందరూ చేతులు కలిపి లేచిపోతారు. నోటి దాకా వచ్చింది కూడా. హెర్ ఫోస్ తలాడించడం మొదలుపెట్టాడు, నేను చెప్పకముందే.

లేచాను. కుర్చీ తిప్పి, వాళ్లకి వీపు పెట్టి, గోడకేసి కూర్చున్నాను. "ఇప్పుడు అడగండి" అన్నాను.

గోడకి కర్రల డిపో వాళ్ల క్యాలెండరు ఉంది. మంచు పడిన అడవి బొమ్మ. దాన్నే చూస్తూ కూర్చున్నాను. వెనక ఏదో కదిలింది. గొణుగుడు లాంటిది వచ్చింది, ఆగిపోయింది. మళ్లీ వచ్చింది, ఈసారి ఇంకొకరిది కాబోలు. అందులో మాట ఎక్కడా లేదు. అది ప్రశ్నో, తిట్టో, నన్ను ఇటు తిరగమనడమో తెలియలేదు. చేతులు తొడల కింద పెట్టుకున్నాను. నా పేరు కూడా పిలిచే ఉంటారు.

చాలాసేపటికి భుజం మీద చెయ్యి పడింది. తిరిగి చూస్తే ఆవిడ. వంగి, నా మొహానికి ఎదురుగా మొహం పెట్టి, ఆ ప్రశ్నే మళ్లీ అడిగింది. మీ సహోద్యోగి మిమ్మల్ని పిలిచాడా?

"పిలిచాడు" అన్నాను. "గొంతు పోయేదాకా పిలిచాడు."

ఆవిడ వెళ్లి రాసుకుంది. హెర్ ఫోస్ కిటికీ వైపు తిరిగి ఏదో అంటున్నాడు. ఆయన పెదవులు నాకు కనబడలేదు.